ఎడమకు వెయ్యి చుట్లు

ఆళ్లగడ్డ,
12-10-1981

దాదాపీరుకు,

ఇక్కడ మేమంతా బాగున్నాం. బండి ఒక్కటే బాగాలేదు.

ఆరేళ్ల కింద నీ షెడ్డు నుంచి నేను తెచ్చుకున్న మిలటరీ వేలం మోటారుసైకిలు నీకు గుర్తుండే ఉంటుంది. రెండేళ్లు నడిపాను. తర్వాత దాని పెట్రోలు దాహానికి జడిసి గొడ్లపాకలో పెట్టి గోనెపట్టాలు కప్పాను. నాలుగేళ్లుగా అక్కడే ఉంది.

ఇప్పుడు దానితో పని పడింది. అహోబిలం స్వామి పారువేటకు ముందుపోయేవాణ్ణి నేనేనని నీకు తెలుసు. కనుమ నాడు పల్లకీ బయలుదేరితే నలభై రోజులు ఊరూరూ తిరుగుతుంది. పల్లకీ ఒక ఊళ్లో ఉండగానే నేను తర్వాతి ఊరికి పోయి, స్వామి వస్తున్నాడని చెప్పి, పందిరి, కట్టెలు, బోయీలకు పడక చూడాలి. ఇన్నేళ్లూ సైకిలు మీదనే చేశాను. పోయినసారి మోకాలు వాచి, రెండు ఊళ్లలో నాకంటే పల్లకీయే ముందు చేరింది. నేను పోయి "స్వామి వస్తున్నాడు" అని చెప్పేసరికి స్వామి పందిట్లో కూర్చుని ఉన్నాడు. జనం నవ్వారు. గుడి మేనేజరు నవ్వలేదు.

ఈసారి మా మేనల్లుడు రామానుజం కొత్త మోపెడ్డు కొన్నాడు. మేనేజరు నన్ను పిలిపించి, "కనుమ నాటికి నీ దగ్గర నడిచే బండి ఉంటే నువ్వే పో సుందరరాజూ. లేకుంటే రామానుజం పోతాడు, నువ్వు వంటశాలలో ఉండు" అన్నాడు. వంటశాల అంటే పులిహోరకు చింతపండు పిసకడం. అది తక్కువ పని అని నేను అనను. కానీ ఊరి పొలిమేరలో నన్ను చూసి, దున్నే మడక ఆపి, "స్వామి ఎంత దూరంలో ఉన్నాడు" అని అడిగేవాళ్లు ఉన్నారు. చింతపండు ఏమీ అడగదు.

అందుకని బండిని బయటికి లాగి తుడిచాను. పాత నూనె మార్చకుండా కిక్కు కొట్టొద్దని నువ్వే చెప్పి ఉన్నావు. ఇంజను కింద నూనె వదిలే బోల్టును తిప్పబోతే కదలడం లేదు. మూడు రోజులైంది. నీ చేతి బిగువు అట్లాంటిది. బిగిస్తే దాదాపీరే బిగించాలని ఇక్కడ అందరితో చెబుతున్నాను.

నువ్వు ఒకసారి బస్సెక్కి వస్తే అరగంట పని. రాలేకపోతే ఏం చెయ్యాలో రాయి. రాసినట్టు చేస్తాను, ఒక్క అక్షరం తప్పను.

సుందరరాజు


నంద్యాల,
17-10-1981

సుందరరాజుకు,

తీరిక లేక కార్డు రాస్తున్నాను. ఒక లారీ గేరుపెట్టె విప్పి షెడ్డంతా పరిచి ఉంది. అది మూసేదాకా రాలేను.

బండిని పక్కకు పడుకోబెట్టు. బోల్టు నీకు ఎదురుగా కనిపించాలి. చుట్టూ కిరసనాయిలు పోసి రెండు రోజులు నాననీ. తర్వాత పానా పెట్టి, పానా కాడకు పొడుగాటి ఇనుప పైపు తొడిగి ఎడమకు తిప్పు.

అయినా నూనె మార్చి తీరాలని ఏమీ లేదు. పాతదాని మీదనే కొత్తది పోసినా కలిసిపోతుంది. ఆలోచించుకో.

దాదాపీరు


ఆళ్లగడ్డ,
2-11-1981

దాదాపీరుకు,

ఇకమీదట కార్డు రాయవద్దు. కవరు రాయి. పోస్టుమ్యాన్ ఏలీయా నీ కార్డును నా చేతికి ఇవ్వకముందే నాలుగు వీధుల్లో చదివి వినిపించాడు. అడిగితే, "నేనేం కావాలని చదవల్యాన్నా. కార్డంటే కంట్లో పడతాది" అన్నాడు. అప్పటి నుంచి ఆళ్లగడ్డలో నా బోల్టు సంగతి తెలియనివాళ్లు లేరు. బియ్యం అంగడి దగ్గర, బస్టాండులో, "ఏందప్పా, వచ్చినాదా?" అని అడుగుతున్నారు, ఇంట్లో కాన్పు కోసం చూస్తున్నట్టు.

కిరసనాయిలు నువ్వన్నట్టే రెండు రోజులు నానబెట్టాను. రాలేదు. ఆ తర్వాత ఊరి మందులు మొదలయ్యాయి. ఒకాయన పుల్లమజ్జిగ పోయమన్నాడు, పోశాం. ఒకామె సున్నం పట్టించమంది, పట్టించాం. విగ్రహాలు చెక్కే ఆయన వచ్చి, ఇంజనుకు చెవి ఆనించి, చిన్న సుత్తితో తట్టి విని, "లోపల పగుల్లేదు. మంచి రాయి" అన్నాడు. అది ఇనుమని చెప్పాను. "ఏదైతేనేం, మంచిదే" అని పోయాడు. చింతపండు గుజ్జు పూస్తే తుప్పు వదులుతుందని మా ఇంటావిడ వేదవల్లి చెప్పింది. గుజ్జు నన్నే తియ్యమంది. "ఎట్లాగూ పిసకాల్సిందే గదా, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి" అంది.

చివరికి స్వామి పల్లకీ మోసే బోయీలను నలుగురిని పిలిచాను. బోరింగు పైపు ఒకటి దొరికింది, ఇద్దరు మనుషుల పొడుగు ఉంటుంది. బండిని ఇసుకలో పడుకోబెట్టి, పానాకు పైపు తొడిగి, నలుగురినీ పైపు పట్టి తొయ్యమన్నాను. మొదలు శాస్త్రప్రకారం చేయించి, తర్వాత నీ ప్రకారం చేయించాను. బోల్టు తిరగలేదు. బండి తిరిగింది. వాళ్లకు పల్లకీ మోసిన అలవాటు గదా, అడుగు కలిస్తే ఆగరు. ఆపమని నాకూ తోచలేదు. బండి మూడు చుట్లు తిరిగాక పెద్దబోయీ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "సామీ, బోల్టయితే రాల్యా. బండికి ప్రదక్షిణం మాత్రం అయిపాయ" అన్నాడు. అరుగు మీద నుంచి మా అమ్మ దణ్ణం పెట్టింది.

ఇప్పుడు బోల్టు మూలలు అరిగి పానా జారుతోంది. పాత నూనె మీద కొత్త నూనె పోయమన్నావు. ఎంగిలి నీళ్లలో మంచినీళ్లు పొయ్యడం మా ఇంట్లో కుదరదు. గేరుపెట్టె మూసేసి ఉంటావు. ఎప్పుడు వస్తావో రాయి.

సుందరరాజు


నంద్యాల,
9-11-1981

సుందరరాజుకు,

కవరులోనే రాస్తున్నాను. గేరుపెట్టె అయిపోయింది కానీ నాకు కండ్లకలక వచ్చింది. ఎండలో తిరగలేను. ఇది కూడా ఒంటికన్నుతో రాస్తున్నాను.

పానా ఎందుకు జారుతుందో చూడకుండా చెప్పలేను. బోల్టు తలకాయకు దీపం మసి పూసి, దాని మీద కాగితం ఒత్తి, ముద్ర తీసి పంపు. తలకాయ ఎట్లా అరిగిందో చూస్తే చేసిన తప్పు తెలుస్తుంది. డాక్టరు నాడి పట్టినట్టే ఇదీ.

బోయీలను ఇంక పిలవొద్దు.

దాదాపీరు


ఆళ్లగడ్డ,
16-11-1981

దాదాపీరుకు,

ముద్ర ఇందులో పెట్టాను. ఇది మూడోది. మొదటిది చెదిరింది. రెండోది చక్రంలాగా వచ్చిందని మా అమ్మ దేవుడి పటాల దగ్గర పెట్టుకుంది. అడిగినా ఇవ్వలేదు.

నిన్న రామానుజం మోపెడ్డు వేసుకుని వచ్చాడు. పనేమీ లేదు, వాకిట్లో రెండు సార్లు తిరిగి చూపించడానికి వచ్చాడు. "మామా, నీ బోల్టు ఊడేలోపల స్వామి ఊళ్లన్నీ తిరిగి కొండెక్కుతాడు" అన్నాడు. వాళ్ల అమ్మ, అంటే నా సొంత అక్క, నవ్వింది.

కండ్లకలక నాలుగైదు రోజుల్లో పోతుందని ఇక్కడి డాక్టరు చెప్పాడు. ఈ ఉత్తరం అందేసరికి పోయి ఉంటుంది.

సుందరరాజు


నంద్యాల,
21-11-1981

సుందరరాజుకు,

నీ ముద్ర మధ్యాహ్నం అందింది. కాగితం వెనక్కి తిప్పి, వెలుతురుకు పట్టి చూశాను. చూసినాక అన్నం తినబుద్ధి కాలేదు.

ఆరు మూలలూ ఒకే పక్క అరిగాయి. అది ఊడదీసేవాడు అరగదీసే పక్క కాదు. బిగించేవాడు అరగదీసే పక్క. నెల నుంచి నువ్వూ నలుగురు బోయీలూ బోరింగు పైపు పెట్టి ఆ బోల్టును బిగిస్తున్నారు. ప్రదక్షిణం అని పెద్దబోయీ అన్నప్పుడే నాకు తట్టాల్సింది.

ఎడమకు తిప్పమని కార్డులో రాశాను. ఆ కార్డు ఆళ్లగడ్డంతా చదివింది, నువ్వు తప్ప. అన్నం తినే చెయ్యి కుడి. రెండోది ఎడమ. మనిద్దరం ఒక బడిలోనే చదివాం, ఇది అక్కడే చెప్పారు.

ముద్రను షెడ్డులో గోడకు అంటించాను. వచ్చిన ప్రతివాడికీ చూపించి, ఒక బోల్టు ఎట్లా పాడవుతుందో చెబుతున్నాను. ఇక తప్పు దాదాపీరుది అనే మాట ఎక్కడా రాకూడదు.

దాదాపీరు


ఆళ్లగడ్డ,
10-12-1981

దాదాపీరుకు,

తప్పు నీదని నేను ఎప్పుడూ అనలేదు. ఎందుకు అట్లా రాశావో తెలియలేదు.

కుడికి తిప్పిన మాట నిజం. మా అమ్మ పెట్టిన షరతు అది. బండికి నామం పెట్టి ఉంది, దసరాకు పూజ చేసి ఉంది. "మొదటి తిప్పు కుడికేరా. ఎడమకు మొదలుపెట్టేది చావు పనికి" అంది. అందుకని ప్రతిసారీ ముందు కుడికి ఒక తిప్పు తిప్పించి, ఆ తర్వాత ఎడమకు తిప్పించేవాణ్ణి. ఇది నీకు రాయవలసిన విషయం అనిపించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, మనుషుల బలమంతా ఆ మొదటి తిప్పుకే పోయింది. ఎడమకు వచ్చేసరికి అందరూ అలిసిపోయి ఉండేవాళ్లు.

నీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించాను. ఒక రోజంతా ఆలోచించింది. ఎడమకే తిప్పుకోవచ్చు, కానీ చుట్టుకు ఒకటి చొప్పున స్వామి నామం చెప్పాలి, అప్పుడు దోషం ఉండదు అంది. అట్లాగే కానిచ్చాం. మూలలను ఆకురాయితో సరిచేసి, పానా పెట్టి, మొదటి నామానికి బోయీలు ఎడమకు తోశారు. లోపల టక్కుమని ఏదో విరిగినట్టు శబ్దం వచ్చింది. బోల్టు తిరిగింది. వీధివాళ్లు కొబ్బరికాయ కొట్టారు. ఏలీయా ఉత్తరాల సంచి కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. పైపు అవసరం కూడా లేకుండా పోయింది, వేళ్లతో పట్టుకుంటే తిరుగుతోంది.

పది నామాలు చెప్పాను, పది చుట్లు తిరిగింది. వంద చెప్పాను. బయటికి రాలేదు. బోల్టు ఎంత పొడుగుందో నాకు తెలియదు. మిలటరీది కాబట్టి పొడుగే ఉంటుందనుకున్నాను. రెండు రోజులు కూర్చుని వెయ్యి నామాలూ పూర్తిచేశాను. వెయ్యి చుట్లు తిరిగింది. జొన్నగింజంత కూడా బయటికి రాలేదు. కుడికి తిప్పినా అంతే, అటూ తిరుగుతుంది.

"సామీ, ఇది శ్రీశైలం దాకా ఉన్నట్టుంది" అని పెద్దబోయీ లేచిపోయాడు. మా అమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పమంటోంది.

నువ్వు రాక తప్పదు.

సుందరరాజు


నంద్యాల,
16-12-1981

సుందరరాజుకు,

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను.

ఇంక తిప్పొద్దు. నామాలు కూడా చెప్పొద్దు. బోల్టును అట్లాగే వదిలేసి పాత నూనెతోనే నడుపు. ఏమీ కాదు.

మా చెల్లెలు మాబూబీ కాన్పుకు వచ్చి ఉంది. ఇల్లు వదిలి రాలేను.

దాదాపీరు


ఆళ్లగడ్డ,
28-12-1981

శ్రీ దాదాపీరు గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. తలవడం ఎందుకు, నాకు తెలుసు. నంద్యాల బస్సు కండక్టరు మీ షెడ్డు ముందే దిగి టీ తాగుతాడట. మీ కండ్లు తేటగా ఉన్నాయని, షెడ్డులో లారీ ఏదీ లేదని, మీ చెల్లెలు గారి బిడ్డ ఇప్పటికే నడుస్తున్నాడని చెప్పాడు. మీరు పొద్దుగూకులూ బల్ల మీద కూర్చుని గోడకు అంటించిన నా ముద్రను చూస్తుంటారని కూడా చెప్పాడు.

కనుమకు పద్దెనిమిది రోజులు ఉంది. రామానుజం గారు మోపెడ్డుకు నామం పెట్టించారు. నిన్న మేనేజరు గారు మా ఇంటికి వచ్చి, వాకిట్లో పడుకుని ఉన్న బండిని చూశారు. పోతూ పోతూ మా వేదవల్లిని, "మంచి చింతపండు యాడ దొరుకుతాదమ్మా" అని అడిగి పోయారు.

గేరుపెట్టె అన్నారు. కండ్లు అన్నారు. కాన్పు అన్నారు. మీరు ఎందుకు రావడం లేదో, అసలు కారణం రాయండి. రాయకపోతే ఇక నేను కూడా రాయను.

ఇట్లు,
పి. సుందరరాజు


నంద్యాల,
2-1-1982

సుందరరాజుకు,

నన్ను మీరు అనొద్దు. నువ్వు "గారు" రాసిన కాగితం మా అమ్మ చూసి, ఎవరైనా పోలీసులకు రాశారా అని భయపడింది.

అసలు కారణం రాస్తున్నాను. చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో. ఏలీయా అసలే ఉండకూడదు.

ఆరేళ్ల కింద నువ్వు బండి తీసుకుపోయిన రోజు గుర్తు తెచ్చుకో. మీ అమ్మ ముహూర్తం పెట్టింది. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు బండి షెడ్డు దాటాలి. దాటకపోతే మళ్లీ తొమ్మిది రోజుల దాకా మంచి గడియ లేదంది. నువ్వు బయట గడియారం పట్టుకుని నిలబడ్డావు. మీ అమ్మ రిక్షాలో పూలదండ పట్టుకుని కూర్చుంది. పదకొండు గంటలకు నేను ఆ బోల్టు బిగిస్తున్నాను. నువ్వు "అయిందా" అన్నావు. ఇంకొంచెం బిగించాను. మళ్లీ "అయిందా" అన్నావు. ఇంకొంచెం బిగించాను. లోపల మర గాట్లన్నీ పొడి అయి రాలిపోయాయి, ఇంజనులోవీ బోల్టువీ కూడా.

కొత్త మర కోయించాలంటే లేతు మిషను దగ్గరికి పోవాలి, ఒక పూట పని. ఇరవై నిమిషాలే ఉంది. నార తీసుకుని బోల్టుకు చుట్టాను. నీళ్ల కొళాయిలకు పూసే సఫేదా పూశాను. రంధ్రంలో పెట్టి సుత్తితో కొట్టి దింపాను. పదకొండూ పద్దెనిమిదికి బండి నీకు ఇచ్చాను. మీ అమ్మ నాకు కూడా దండ వేసింది.

అది బోల్టు కాదప్పా. మేకు. దానికి ఎడమ లేదు, కుడి లేదు. ఆరేళ్లకు సఫేదా సిమెంటు మాదిరి గట్టిపడింది, నీ బోయీలు దాన్ని పగలగొట్టారు. ఇప్పుడు నువ్వు లక్ష నామాలు చెప్పినా అది తిరుగుతూనే ఉంటుంది. నువ్వు బండి నడిపిన రెండేళ్లలో నూనె మార్చమని ఎప్పుడు తెచ్చినా, నేను పైనుంచి కొంత పోసి పంపించాను, కింద ముట్టుకోలేదు.

మొదటి ఉత్తరానికే చెప్పి ఉంటే అయిపోయేది. కానీ నువ్వు "బిగిస్తే దాదాపీరే బిగించాలి" అని రాశావు. అది చదివినాక ఎట్లా చెప్పేది. నీ ముద్రలో నీ తప్పు కనిపించినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. అందుకే గోడకు అంటించాను. నువ్వు వెయ్యి చుట్లు తిప్పావని చదివినాక చించేద్దామనుకున్నాను. అంటించిన బంక కూడా సఫేదానే, ఊడి రాలేదు.

ఏమంటావో రాయి.

దాదాపీరు


శిరివెళ్ల,
7-1-1982

దాదాపీరుకు,

ఏమంటానో రాయమన్నావు. రాయడం కాదు, నిన్ను కొట్టడానికే ఈ పొద్దున బయలుదేరాను.

నీ ఉత్తరం ఏలీయా లేకుండానే చదివాను. బండిని లేపి నిలబెట్టాను. నూనె సంగతి, నామాల సంగతి అన్నీ మర్చిపోయి కిక్కు కొట్టాను. నాలుగేళ్ల తర్వాత పదకొండో కిక్కుకు అందుకుంది. గొడ్లు తాళ్లు తెంపుకున్నాయి. మా అమ్మకు మాత్రం బయలుదేరే ముందు నీ ఉత్తరం చదివి వినిపించాను. విని, "చూసినావా, మంచి ముహూర్తం. మేకు దిగినా ఆరేండ్లు ఊడల్యా" అంది. నువ్వు వచ్చినప్పుడు దీనికి జవాబు నువ్వే చెప్పు.

శిరివెళ్ల దాకా ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాను. దారి పొడుగునా నిన్ను ఏమనాలో కూడబలుక్కుంటూ వచ్చాను. శిరివెళ్ల బస్టాండు ముందు కింద ఏదో టంగుమంది. ఆపి చూస్తే బోల్టు రోడ్డు మీద పడి ఉంది. ఎవరూ తిప్పలేదు, ఎవరూ తోయలేదు, ఎవరూ నామం చెప్పలేదు. దాని వెనకే ఆరేళ్ల నూనె మొత్తం పోయింది. నేను మూడు నెలల నుంచి అడుగుతున్నది కూడా అదే గదా, నూనె మార్చడం. కాబట్టి నూనె మారింది.

ఇక్కడ ఒక వడ్రంగి ఉన్నాడు. రంధ్రం కొలత చూసి తుమ్మకర్రతో చీల చెక్కి, గుడ్డ చుట్టి బిగించాడు. కొత్త నూనె పోశాను. కొద్దిగా కారుతోంది, అయినా నడుస్తోంది.

ఈ చీలతో నంద్యాల దాకా రాలేను. బస్సెక్కి రావచ్చు. కానీ బస్సెక్కి పోయి కొట్టేంత కోపం లేదు, బండి మీద పోయి కొట్టేంతే ఉంది. అందుకని బస్టాండులో కూర్చుని ఇది రాసి, వెనక్కి పోతున్నాను.

సుందరరాజు


ఆలమూరు,
24-1-1982

దాదాపీరుకు,

కనుమ నాడు బండి శబ్దం విని మేనేజరు గుడి బయటికి వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. కిందికి వంగబోతుంటే నేను అడ్డం నిలబడ్డాను. "సరే, నువ్వే పో" అన్నాడు. చింతపండు పని రామానుజానికి పడింది. మోపెడ్డును వంటశాల గోడకు చేర్చి పెట్టుకున్నాడు.

ఇప్పటికి ఏడు ఊళ్లు తిరిగాను. అన్ని ఊళ్లకూ పల్లకీ కంటే ముందే చేరాను. ఒక ఊళ్లో అయితే శబ్దానికే జనం పొలిమేరకు వచ్చి, నేను నోరు తెరవకముందే "స్వామి ఎంత దూరంలో ఉన్నాడు" అన్నారు. ఆ సంతోషం నీకు రాయాలనిపించింది.

ఇక కష్టం. కర్రచీల నూనెకు నానిపోయింది. చుక్క చుక్క కారుతూనే ఉంది. బండి పోయినంత దూరం నేల మీద నల్ల చుక్కలు. ఊరూరికీ డబ్బాతో నూనె పోసుకుంటున్నాను. మేనేజరు పల్లకీ వెంటనే నడిచి వస్తున్నాడు, నేల చూసి నడిచే మనిషి. ఈ రోజో రేపో పిలిచి అడుగుతాడు. సరైన బండి కాదని తేలితే ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే నన్ను దించి రామానుజాన్ని ఎక్కిస్తాడు. నేను వెనక్కి నడిచి పోయి వంటశాలలో కూర్చోవాలి.

నువ్వు సరైన బోల్టు చేయించి, మర కోసే పనిముట్టు తీసుకుని రా. కొట్టడం సంగతి తర్వాత చూసుకుందాం. నేను ఏ రోజు ఎక్కడ ఉంటానో చెప్పలేను. పల్లకీ ఎక్కడుందో కనుక్కుని, దానికి ఒక ఊరు ముందు చూడు.

సుందరరాజు


ముత్తలూరు,
2-2-1982

సుందరరాజుకు,

ఈ చీటీ రాసి పెద్దబోయీ చేతికి ఇస్తున్నాను. ముందు ఊరికి ఇప్పుడే మనిషిని పంపి నీకు అందిస్తానన్నాడు.

నిన్న పొద్దున కొత్త బోల్టూ పనిముట్లూ సంచిలో వేసుకుని వచ్చాను. ఆళ్లగడ్డలో దిగగానే ఏలీయా నా సంచి చూసి, "దాదాపీరన్న నువ్వేనా? ఆ మేకు కొట్టింది?" అన్నాడు. నా ఉత్తరం ఎట్లా చదివాడో నాకు తెలియదు. మీ అమ్మ మజ్జిగ ఇచ్చింది. ముహూర్తం మాట ఎత్తింది. నేను తల ఊపి బయటపడ్డాను.

నీ చుక్కలు ఆలమూరు దాటాక దొరికాయి. వాటి వెంట రెండు ఊళ్లు నడిచాను. ప్రతి ఊళ్లోనూ "ఇప్పుడే పోయినాడు" అన్నారు. మూడో ఊరు ఈ ముత్తలూరే, దీని దారిలో పల్లకీని కలిశాను. పెద్దబోయీ తల వంచుకుని నేల చూస్తూ నడుస్తున్నాడు. బరువు ఎక్కువైందా అని అడిగాను. "బరువు గాదన్నా, దారి చూస్తాండా. ఏటేటా డొంకల్లో పడి తప్పిపోయేవాళ్లం, ఒకసారి సామితో గూడా జొన్నచేన్లో తేలినాం. ఈతూరి సుందరరాజు సామి దారెంబడి చుక్కలు పెట్టుకుంట పోతాండాడు. తలకాయ వంచుకోని పోతే ఊళ్లోకే పోతాండాం" అన్నాడు.

మేనేజరు వెనకే ఉన్నాడు. ఇక దాచి లాభం లేదని, నేను మెకానిక్కునని, బండి నూనె కారుతోందని, ఆపడానికి వచ్చానని చెప్పాను. ఆయన నా చేతిలో బోల్టు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పెడితే చుక్క పడదా?" అన్నాడు.

"ఒక్కటి కూడా పడదు సార్" అన్నాను.

"అయితే పెట్టొద్దు" అన్నాడు. బోల్టు నా సంచిలో ఆయనే వేశాడు. రామానుజం మోపెడ్డు సంగతి ఆయనే ఎత్తి, "అది కొత్తదప్పా, చుక్క కారదు. వాని వెంట పంపితే పల్లకీ యాడ తేలుతాదో" అన్నాడు. వచ్చే యేడు కూడా నువ్వేనని, ఆ చీల మార్చొద్దని నీకు చెప్పమన్నాడు.

కాబట్టి నేను ఏమీ బిగించలేదు. నా పనిలో ఇంతవరకు ఎవరూ నన్ను బిగించవద్దని అడగలేదు.

నన్ను కొట్టదలిస్తే సాయంత్రం బస్సు దాకా ఈ ఊళ్లోనే ఉంటాను. నడిచి రా. బండి మీద రావద్దు. చుక్కలు వెనక్కి పడితే పల్లకీ వెనక్కి తిరుగుతుంది.

దాదాపీరు